తెల్లబడని చుక్క

క్రేను బండి నీలం కారును కోయంబత్తూరు గణపతి పేటలోని ఆ ఇరుకు సందులో దింపి వెళ్లిపోయింది. మరుదాచలం చేతిలో టీ చల్లారిపోతోంది. కారు కుడి తలుపు కొత్తది, దానికింకా రంగు పడలేదు. ముందు రేకును ఎవరో ఓపిగ్గా సుత్తితో సరిచేశారు. చక్రాలు బిగుసుకుపోయి తిరగనంటున్నాయి. ఏడాది క్రితం ఈ షెడ్డులోంచే హారను మోగించుకుంటూ సంబరంగా బయటికి వెళ్లిన కారు అది.

క్రేను డ్రైవరు పక్కన కూర్చుని వచ్చిన అమ్మాయి దగ్గరికొచ్చి నిలబడింది. మెడలో ఫౌండ్రీ గుర్తింపు కార్డు వేలాడుతోంది.

"మరుదాచలం అన్నా, గుర్తుపట్టారా? పూంగొడిని. మారన్ చెల్లెల్ని."

"గుర్తుపట్టకపోవడమేంటి అమ్మణీ" అన్నాడు కానీ మొహంలోకి చూడలేకపోయాడు.

"పోలీస్ స్టేషన్ ఆవరణలో ఎనిమిది నెలలు వానకి నానింది. తలుపు పనీ రేకు పనీ మేట్టుపాళయంలో చేయించాను. బ్రేకులు మాత్రం ఎవ్వరినీ ముట్టుకోనివ్వలేదు. అన్న బండి బ్రేకులు మీరే కదా చూసేవారు."

నలభై ఏళ్లుగా బ్రేకుల పని తప్ప మరో పని ముట్టని మనిషి మరుదాచలం. ఊళ్లో రేసు ట్రాకు ఉంది గనక కుర్రకారుకి ఆ గాలి సోకుతుంది. ఇంజను పని ఎక్కడ చేయించుకున్నా బ్రేకులకి మాత్రం ఈ షెడ్డుకే వస్తారు. "పరిగెత్తించేవాళ్లు ఊరినిండా ఉన్నారు, ఆపేవాణ్ణి నేనొక్కణ్ణే" అని ఆయన మీసం దువ్వుకోవడం అందరూ ఎరిగిందే. ఇవాళ మీసం మీదికి చెయ్యి పోలేదు.

జాకీ ఎత్తి ముందు కుడి చక్రం విప్పాడు. దాని వెనకున్న బ్రేకు డిస్కు ఎర్రగా తుప్పు పట్టి పొలుసులు లేచింది. టార్చి పట్టుకుని దాని అంచు చుట్టూ వేలు జరుపుకుంటూ వెళ్లాడు. ఒకచోట వేలు ఆగింది. తుప్పు మధ్యలో పక్కపక్కనే మూడు రంగు చుక్కలున్నాయి. ఆకుపచ్చ, నారింజ, ఎరుపు.

అవి ఆయన పెట్టినవే. తన చేతి మీదుగా వెళ్లే ప్రతి కారుకీ పెడతాడు. డిస్కు ఎంత కాలిందో చెప్పే రంగులవి. కొండ మీంచి దూకుడుగా దిగితే ముందు ఆకుపచ్చది తెల్లబడుతుంది. ఇంకా మితిమీరితే నారింజ, ఆ పైన ఎరుపు. "నేను మెల్లగానే పోతున్నా అన్నా" అని కుర్రాళ్లు కోతలు కోస్తే, చక్రం విప్పి చుక్కలు చూసి చెవి మెలిపెట్టడం ఆయనకు అలవాటు.

ఆకుపచ్చ చుక్క ఆకుపచ్చగానే ఉంది. గబగబా ఎడమ చక్రం విప్పాడు. అక్కడా అంతే. డిస్కును రెండు వైపులా నొక్కిపట్టే ప్యాడ్లు ఊడదీశాడు. వాటి అంచుల మీది పసుపు రంగు కూడా కందలేదు, నిన్ననే డబ్బాలోంచి తీసినట్టున్నాయి.

మరుదాచలం స్టూలు మీద కూలబడ్డాడు. ఏడాదిగా ఊరంతా ఒక్కటే మాట. మారన్ షెడ్డు నుంచి వెళ్లిన మర్నాడు పొద్దున్నే, వానలో, రేసు పిచ్చితో కోత్తగిరి కొండ మీంచి వేగంగా దిగాడు, మొదటి మలుపులో గోడ బద్దలుకొట్టుకుని తేయాకు తోటలో పడ్డాడు, చెట్టుకి గుద్దుకుని ప్రాణం పోగొట్టుకున్నాడు. పోలీసు రిపోర్టులోనూ అదే రాశారు. బ్రేకులు సవ్యంగా ఉన్నాయి, అతివేగం. మరుదాచలం కూడా ఆ మాటనే పట్టుకుని రోజులు వెళ్లదీస్తున్నాడు. ఇప్పుడీ చుక్క కాదంటోంది. మారన్ మెల్లగా దిగాడు. మెల్లగా దిగాడు గనకే పోయాడు.

ఎందుకంటే ఆ ప్యాడ్లు రేసువి. ట్రాకు మీద గిరగిరా తిరిగి డిస్కు బాగా కాగితేనే అవి పట్టుకుంటాయి. చల్లగా ఉన్నప్పుడు, అందులోనూ వానలో, కొయ్యముక్కల్లా జారుతాయి. రేసుల సీజను అయిపోయాక జట్లవాళ్లు మిగిలిన సామానును తెలిసినవాళ్లకి పంచేసి పోతారు. పోయినేడు మరుదాచలానికి విప్పని డబ్బా ఒకటి దొరికింది. షెడ్డుకొచ్చే కుర్రాళ్లందరిలోకీ మారన్ అంటే ఆయనకి ప్రాణం. పిలిచి మరీ ఇచ్చాడు. "వేడెక్కాక చూడరా దీని తడాఖా!" అన్నాడు. వేడెక్కకముందు సంగతి చెప్పలేదు. సంబరంలో సగం మాటే నోటికొచ్చింది.

"ఈ చుక్కలేంటన్నా?" పూంగొడి వంగి చూస్తోంది.

"గుర్తులమ్మా. ఏ చక్రం ఎటువైపుదో తెలియడానికి."

"మా ఫౌండ్రీ ల్యాబులోనూ ఇనప ముక్కలకి ఇలాగే రంగులు పెడతాం" అందామె నమ్మకంగా.

బ్రేకుల విషయంలో ఆయన అబద్ధం చెప్పడం అదే మొదలు. ఆమె వెళ్లాక ఆ నాలుగు ప్యాడ్లనూ బిస్కెట్ల డబ్బాలో పెట్టి, పాత టైర్ల వెనక్కి తోసేశాడు.

*

మంగళవారం మూడు దాటాక పూంగొడి ఫౌండ్రీ నుంచి తిన్నగా వచ్చింది. మరుదాచలం బల్ల మీద గోనెపట్టా పరిచి సామాను సిద్ధంగా ఉంచాడు. రెండు రకాల డిస్కులు, మూడు రకాల ప్యాడ్లు, రబ్బరు సీళ్లు, కొత్త గొట్టాలు.

"ముందు మూడు ప్రశ్నలు. ఎవరొచ్చినా అడుగుతాను" అన్నాడు. "బండి ఎక్కడ నడుపుతావు? పొద్దున్నే తీసేప్పుడు ఎంత చలి ఉంటుంది? పక్కన ఎవరు కూర్చుంటారు?"

"శనివారం పైకి, సోమవారం తెల్లారుతూనే కిందికి. కొండ మీద మా ఊరు అరవేనులో డిసెంబరంటే తెలుసుగా, వేళ్లు కొంకర్లు పోతాయి. పక్కన..." పూంగొడి కారు వైపు చూసింది. "ఇదివరకు అన్న పక్కన నేను కూర్చునేదాన్ని. ఇకమీదట నా పక్కన నాన్న. ఎక్కితే గనక."

మరుదాచలం తల వంచుకుని ప్యాడ్లు అటూ ఇటూ జరిపాడు. ఎవరొచ్చినా అడుగుతానన్న ఆ మూడు ప్రశ్నలూ మారన్‌ని అడగలేదు. కానుక ఇచ్చేవాడు ప్రశ్నలు అడుగుతాడా?

డిస్కుల దగ్గర పేచీ రాలేదు. చిల్లులున్న డిస్కును పూంగొడి చూసీ చూడనట్టు పక్కకి నెట్టింది. "అందానికి బాగుంటుంది. పగులు మాత్రం ఈ చిల్లు దగ్గరే మొదలవుతుంది" అంది. నున్నటి డిస్కును వేలికి తగిలించి స్పానరుతో మీటి, మోత ఆగేదాకా చెవి దగ్గర పెట్టుకుంది. "పోత బాగుంది. లోపల బుడగ లేదు. ఇది చాలు."

"పనిమంతురాలివే" అన్నాడు మరుదాచలం, రెండ్రోజుల్లో మొదటిసారి నవ్వి.

నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఆయన ఎంచి ముందుకు జరిపిన ప్యాడ్ల పెట్టె చూసి ఆమె పెదవి విరిచింది.

"ఇవా? టాక్సీలకి వేసేవి కదా?"

"టాక్సీవి కాదమ్మా, వాటికంటే ఒక మెట్టు పైవి. కొండ దిగినా వాసన రావు, పొగ రావు. అన్నిటికంటే ముఖ్యం, చలిలో మొదటిసారి తొక్కినా పట్టుకుంటాయి."

"నాకు అన్నకి వేసినవే కావాలి."

"అవి దొరకవు."

"తెప్పించండి. ఎన్నాళ్లయినా ఆగుతాను. అన్న బిగించకముందే వాటిని ఇంటికి తెచ్చి అమ్మ ఫోటో ముందు పెట్టి మరీ చూపించాడు తెలుసా, మరుదాచలం అన్న బంగారంలాంటివి ఇచ్చాడని. ఆ రాత్రి అన్నం తింటూ కూడా వాటి గురించే."

"అవి నీకు పనికిరావమ్మా" అన్నాడు మరుదాచలం.

"ఎందుకు పనికిరావు? ఆడపిల్లననా? గేరు మార్చడం కూడా చేతకాదనుకున్నారా?"

"ఆ మాట కాదు."

"మరి ఏ మాట?"

ఆయన ప్యాడ్ల పెట్టె విప్పి, ఒక్కొక్కటీ తీసి, గుడ్డతో అక్కర్లేకపోయినా తుడిచాడు. పూంగొడి చేతిసంచి భుజానికి తగిలించుకుంది.

"మీ ఇష్టం. బ్రేకుల మనిషి మీరు. కానీ అన్నకొకటి, నాకొకటి అన్న సంగతి గుర్తుంచుకుంటాను" అని వెళ్లిపోయింది.

*

బుధవారం మధ్యాహ్నం మరుదాచలం భార్య రామాత్తాళ్ క్యారేజీ తెచ్చి, బియ్యం, పప్పు కలిపి వండిన అరిసీపరుప్పు అన్నం ఆకులో పెట్టి, మీద నెయ్యి వేసింది. మామూలుగా అయితే ఆకు ఖాళీ అయ్యేదాకా తలెత్తని మనిషి. ఇవాళ మెతుకులు లెక్కపెడుతున్నాడు.

"ఏమండీ, నెయ్యి గడ్డకట్టింది. అన్నమేమైనా పాపం చేసిందా?"

"ఆకలి లేదు."

రామాత్తాళ్ నీలం కారు వైపు చూసింది. "ఆ పిల్లాడి బండేగా? పాపం, ఎంత మంచి పిల్లాడు. వదినా వదినా అంటూ ఈ క్యారేజీలోంచే నాలుగు ముద్దలు లాక్కుని తినేవాడు. ఆ వేగమే మింగేసింది వాణ్ణి."

"వేగంగా పోలేదే" అన్నాడు మరుదాచలం.

"మీరు చూశారా?"

ఆయన లేచి చెయ్యి కడుక్కున్నాడు. ముప్ఫై ఏళ్ల కాపురం చేసిన మనిషి. ఇంకేమీ అడగకుండా ఆకు మడిచి తీసుకుపోయింది.

ఆమె సందు మలుపు తిరిగిందో లేదో, అటునుంచి నాచిముత్తు వచ్చాడు. మారన్ తండ్రి. కోత్తగిరి కొండ మీద ముప్ఫై ఒక్క ఏళ్లు ప్రభుత్వ బస్సు నడిపి, ఒక్క గీత కూడా పడనివ్వకుండా దిగినవాడు. రిటైరైనా చొక్కా జేబులో విజిలు, కాళ్లకు నల్ల బూట్లు అలాగే ఉన్నాయి. చేతిలో వర్కీల పొట్లం ఉంది, కొండ మీద చేసే పొరల బిస్కెట్లు.

"తంబీ, ఇవి నీకు. పొద్దున్నే పొయ్యిలోంచి తీసినవి" అని బల్ల మీద పెట్టి, కారు వైపు వీపు తిప్పి కూర్చున్నాడు. "మా పిల్ల మాట వినకు. ఈ బండిని తుక్కు కింద కోసెయ్. దానికి నేను చెప్పుకుంటాను."

"బిడ్డ ఆశపడి బాగుచేయించుకుంటోంది అన్నా."

"ఆశేంటి? ఒకణ్ణి మింగింది చాలదా?" నాచిముత్తు గొంతు పెంచాడు. "ముప్ఫై ఒక్క ఏళ్లు నడిపాను తంబీ ఆ కొండ మీద. వానలో, మంచులో, ఏనుగులు అడ్డమొస్తే రాత్రంతా ఆపి. ఒక్క ముసలమ్మ తల కూడా సీటుకి తగల్లేదు. నా కొడుకు నా ఇంటికి నాలుగు ఫర్లాంగుల దూరంలో, నేను రోజూ తిప్పిన మలుపులో పడ్డాడు. ఇప్పుడు బస్సెక్కితే పిల్ల డ్రైవర్లు లేచి నమస్కారం పెడతారు. వాళ్ల కళ్లల్లో ఏముంటుందో నాకు తెలుసు."

"అన్నా..."

"ఆదివారం సంవత్సరీకం. పూంగొడి పొద్దస్తమానం అదే పోరు, ఫోటో కట్టించు, పిండం పెట్టు అని. పెట్టను. కొండని లెక్కచేయనివాడికి నేను నీళ్లు వదలను. వాడి పేరు నా నోట వచ్చి ఏడాదయింది."

మరుదాచలం చేతిలో ప్యాడ్లను డిస్కుకి నొక్కే కాలిపర్ ఉంది. దాని లోపలి గోడను సన్నటి ఉప్పుకాగితంతో రుద్దుతున్నాడు. రుద్దిందే రుద్దుతూ పోయాడు. ఇప్పుడు చెప్పాలి. బిస్కెట్ల డబ్బా టైర్ల వెనక, చెయ్యి చాస్తే అందేంత దూరంలోనే ఉంది. చెబితే ఏమవుతుంది? నలభై ఏళ్ల పేరు పోతుంది. ఈ మనిషి తెచ్చిన వర్కీలు మొహాన పడతాయి. ఊళ్లో ఏ తల్లీ తన బిడ్డ బండిని ఈ సందులోకి రానివ్వదు.

నాచిముత్తు లేచి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "నీ తప్పేం లేదులే తంబీ. నువ్వు మంచి సామానే వేశావు, రిపోర్టులో కూడా రాశారు. వాడికే నిలకడ లేకపోయింది."

ఆ చెయ్యి బరువు మరుదాచలానికి సాయంత్రం దాకా భుజం మీదే ఉన్నట్టనిపించింది. వర్కీల పొట్లం విప్పలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

*

శుక్రవారం నాటికి అన్నీ బిగించాడు. మిగిలింది గొట్టాల్లో గాలి తీయడం. దానికి ఇద్దరు కావాలి. పూంగొడి లోపల కూర్చుంది, కాలు పెడలు మీద. మరుదాచలం వెనక చక్రం పక్కన నేల మీద పడుకుని, నట్టుకి సన్నటి గొట్టం తొడిగి, రెండో కొసను సీసాలో వేశాడు.

"తొక్కు."

"తొక్కాను."

"పట్టుకో." నట్టు సడలించాడు. బుడగలు, మురికి నూనె సీసాలోకి వచ్చాయి. బిగించాడు. "వదులు."

"వదిలాను."

మంగళవారం నుంచీ ముభావంగా ఉన్న పిల్ల. పదిసార్లు తొక్కి వదిలేసరికి గొంతు కాస్త మెత్తబడింది.

"అన్న కూడా ఇలాగే తొక్కేవాడా?"

"మీ అన్నా? నేను పట్టుకో అనేలోపే వదిలేసి, అన్నా టీ చెప్పనా అనేవాడు. తొక్కు."

లోపల్నుంచి చిన్న నవ్వు వినిపించింది. తర్వాత ముక్కు ఎగబీల్చిన చప్పుడు. మరుదాచలం నట్టు మీద స్పానరు ఉంచి, వినపడనట్టు పడుకున్నాడు. నాలుగు చక్రాలూ అయ్యేసరికి పెడలు గట్టిపడింది.

పూంగొడి దిగి కళ్లు తుడుచుకుని, గోడ పక్కన ఉన్న గోనెసంచి దగ్గరికి వెళ్లింది. విప్పిన పాత సామానంతా బండి యజమానికి ముట్టజెప్పడం ఈ షెడ్డులో మొదటినుంచీ ఉన్న పద్ధతి. మార్చానని చెప్పి మార్చలేదన్న మాట రాకూడదని మరుదాచలం తానే పెట్టుకున్న నియమం. ఆమె ల్యాబులో పనిచేసే పిల్ల. ఒక్కొక్కటీ తీసి నేల మీద వరసగా పేర్చింది. ముందు డిస్కులు రెండు, వెనకవి రెండు, పాత సీళ్లు, గొట్టాలు, వెనక ప్యాడ్లు.

"ముందు ప్యాడ్లు లేవే అన్నా?"

మరుదాచలం గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు.

"వాటి కోసమే అడుగుతున్నాను. అన్న వస్తువు కదా, ఇంట్లో దాచుకుందామని."

ఆయన టైర్ల వెనక నుంచి డబ్బా తెచ్చి ఆమె చేతుల్లో పెట్టాడు. పాత డిస్కును లేపి బల్ల మీద ఆనించి, ఆకుపచ్చ చుక్క మీద వేలు పెట్టాడు.

"ఇది గుర్తు కాదమ్మా. మొన్న అబద్ధమాడాను. ఇది వేడి చెప్పే రంగు. కాలితే తెల్లబడుతుంది. చూడు, తెల్లబడలేదు. ఈ ప్యాడ్ల అంచు చూడు, రంగు కందలేదు. మీ అన్న వేగంగా దిగలేదు. మీ నాన్న నేర్పినట్టే నెమ్మదిగా దిగాడు. కానీ నేనిచ్చింది చలిలో పట్టే రకం కాదు. ఆ సంగతి నేను వాడికి చెప్పలేదు."

పూంగొడి ఒక ప్యాడు తీసి వెలుతురులో తిప్పింది. గోటితో పసుపు అంచును గీరింది. ఇనుము ఎంత కాలితే ఏ రంగొస్తుందో ఆ పిల్లకి ఎవరూ చెప్పనక్కర్లేదు. డిస్కు తిరగేసి చూసింది, మళ్లీ తిప్పింది. ప్యాడు డబ్బాలో పెట్టి మూత వేసింది.

"ఎప్పుడు తెలిసింది?"

"సోమవారం. విప్పిన క్షణమే."

"బుధవారం నాన్న ఇక్కడికొచ్చారు. ఇదే బల్ల మీద కూర్చున్నారు."

"ఆఁ."

తిడితే బాగుండునని మరుదాచలానికి అనిపించింది. ఆమె తిట్టలేదు.

"నాకు చెప్పి ఏం లాభం? నేనెప్పుడూ నమ్మలేదు, అన్న అలా పోయాడని. నమ్మింది నాన్న. ఆయన కొండ మీద ఉన్నారు. రేపు మీరు నాతో వస్తున్నారు. ఈ డిస్కు, ఈ డబ్బా మీ ఒళ్లో పెట్టుకుని కూర్చోండి."

*

శనివారం పొద్దున్న మేట్టుపాళయం వెళ్లే తిన్నటి రోడ్డు మీద కొత్త ప్యాడ్లను డిస్కులకు అలవాటు చేశారు. అరవై వేగం మీంచి ఇరవైకి, పూర్తిగా ఆపకుండా, పదిహేనుసార్లు. మరుదాచలం లెక్కపెట్టాడు, పూంగొడి తొక్కింది. కొండ ఎక్కుతుంటే మంచు కమ్ముకుంది. అరవేను చేరేసరికి తుంపర మొదలైంది.

నాచిముత్తు పెరట్లో క్యారెట్ మడి దగ్గర ఉన్నాడు. కారు చప్పుడు వినగానే మొహం గంటు పెట్టుకున్నాడు. వెనకే గోనెసంచి మోసుకుంటూ మరుదాచలం రావడం చూసి ఆశ్చర్యపోయి, కూర్చోమని అరుగు తుడిచాడు.

మరుదాచలం కూర్చోలేదు. డిస్కు తీసి అరుగు మీద పెట్టాడు, పక్కన డబ్బా. నిలబడే చెప్పాడు. దారంతా కూడగట్టుకున్న మాటలేవీ రాలేదు. చుక్క సంగతి చెప్పాడు, ప్యాడ్ల సంగతి చెప్పాడు, తను చెప్పకుండా మింగిన సగం మాట చెప్పాడు. సోమవారమే తెలిసిందనీ, బుధవారం దాచాననీ కూడా చెప్పాడు.

నాచిముత్తు డిస్కును ఒళ్లోకి తీసుకున్నాడు. బొటనవేలు తడిచేసి ఆకుపచ్చ చుక్కను రుద్దాడు. తుప్పు వేలికంటింది, చుక్క చెదరలేదు.

"గేరు?" అన్నాడు. "గేరు ఎందులో ఉంది?"

"రెండులో, నాన్నా" అంది పూంగొడి. "స్టేషన్లో బండి దించేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. రెండులో ఇరుక్కుపోతే రాడ్డుతో విడదీశారు."

"రెండులో" అన్నాడు నాచిముత్తు. "నేనే నేర్పాను. పదహారేళ్లప్పుడు నా పక్కన ఇంజను మూత మీద కూర్చోబెట్టుకుని. రెండో గేరులో వదులు, ఇంజనే పట్టుకుంటుంది, మలుపు వచ్చేదాకా బ్రేకు ముట్టుకోకు, మాటిమాటికీ బ్రేకు తొక్కేవాడు డ్రైవరే కాదు అని." ఆయన డిస్కును ఒళ్లో ఇటు తిప్పాడు. "మలుపు దాకా తొక్కలేదు. మలుపు దగ్గర తొక్కాడు. అది పట్టలేదు. నేను వాణ్ణి ఏడాదంతా తిట్టాను. శవం మీద పడి కూడా తిట్టాను."

మరుదాచలం చేతులు జోడించబోయాడు.

"వద్దు" అన్నాడు నాచిముత్తు. "నువ్వు నా కాళ్లు పట్టుకున్నా నేను నిన్ను క్షమించను. పద."

రోడ్డు మీద కారు దగ్గరికొచ్చి వంగి, చక్రం కమ్మీల మధ్యనుంచి చెయ్యి పెట్టి, జ్వరం చూసినట్టు డిస్కును తాకాడు. గోరువెచ్చగా ఉంది.

"చల్లారాలి" అన్నాడు.

ముగ్గురూ తుంపరలో ఎదురుచూశారు. పూంగొడి గొడుగు తెచ్చినా తండ్రి పట్టుకోలేదు. కోత్తగిరి బస్సొకటి దిగుతుంటే, దాని డ్రైవరు పెద్దాయన్ని చూసి హారను కొట్టి చెయ్యెత్తాడు. నాచిముత్తు తలెత్తలేదు. అరగంట తర్వాత మళ్లీ తాకి చూశాడు. ఇనుము మంచులా ఉంది.

"నువ్వు నడిచి పో. ఆ మలుపు దగ్గర గోడకి ఆని నిలబడు. కొత్తగా కట్టిన చోట" అన్నాడు మరుదాచలంతో.

మరుదాచలానికి అర్థమైంది. పూంగొడి "నాన్నా!" అంది. ఆయన వినిపించుకోకుండా డ్రైవరు సీట్లో కూర్చుని, అద్దాలు సరిచేసుకుని, పక్క తలుపు తెరిచాడు. "నువ్వెక్కు" అన్నాడు కూతురితో.

మరుదాచలం నాలుగు ఫర్లాంగులూ నడిచాడు. గోడలో కొత్త సిమెంటు ముక్క తెల్లగా తెలుస్తోంది. దాని అవతల తేయాకు పొదలు, వాటి మధ్య బెరడు లేచిన సిల్వర్ ఓక్ చెట్టు. ఆయన గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు. భయం వేసింది. పక్కకి జరుగుదామన్న ఆలోచన మాత్రం రాలేదు. తడిసిన చొక్కా వీపుకి అంటుకుంది.

పైనుంచి ఇంజను మూలుగు వినిపించింది. రెండో గేరు. మంచులోంచి రెండు దీపాలు, వాటి వెనక నీలం రంగు. ముప్ఫై కూడా ఉండదు వేగం. ఏడాది క్రితం ఇంతే ఉండి ఉంటుంది. దీపాలు పెద్దవయ్యాయి. అద్దం మీద వైపర్లు, వాటి వెనక ముసలాయన మొహం, పక్కన పూంగొడి కళ్లు మూసుకుని. మలుపు వచ్చింది. ముసలాయన భుజం కొద్దిగా కదిలింది.

కారు ముక్కు కిందికి వంగి, ఆగింది. మరుదాచలం మోకాళ్లకూ కారుకూ మధ్య రెండు మూరల రోడ్డు మిగిలింది.

ఇంజను ఆపలేదు. కిటికీ అద్దం దింపే ఉంది. నాచిముత్తు రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి, కాలు పెడలు మీదే ఉంది. ఆయన మరుదాచలం వైపు చూడటం లేదు. మరుదాచలం భుజం మీదుగా, గోడ అవతల ఆ చెట్టు వైపు చూస్తున్నాడు.

"ఆగింది రా మారా" అన్నాడు. "తొక్కగానే ఆగింది రా."

వెనక తేయాకు లారీ వచ్చి ఆగి హారను కొట్టింది. మళ్లీ కొట్టింది. ముసలాయన బ్రేకు మీంచి కాలు తీయలేదు.